యాదగిరి టీవీ ముందు ఒక రోజు: ఎవరి తెలుగు, ఎంతసేపు?

ధారావిలో గానీ కామాఠిపురలో గానీ నలుగురు పెద్దమనుషులు ఒకచోట కూర్చుంటే టీవీ తెలుగు మీద తగువు రాక మానదు. ఇప్పుడు మన తెలంగాణ భాష టీవీల దండిగ వస్తున్నదని ఒకరు అంటారు. వస్తున్నది గని నవ్వించనీకె మాత్రమే వస్తున్నదని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా లెక్క ఉండదు. బ్యాంకు నౌకరీలో లెక్క లేని మాట మీద సంతకం పెట్టొద్దని నేర్చుకున్నవాణ్ణి కనుక, ఒక మామూలు వారం రోజున పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా దూరదర్శన్ యాదగిరి ముందు నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నది ధారావిలో, మా అక్క వాళ్ల ఖోలీలో. అక్కడ నెల చందా లేని ఫ్రీడిష్ ఉంది. దానికంటే ముఖ్యంగా మా బావ ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ముందు లోయర్ పరేల్ మిల్లులో, తర్వాత భివండీలో నేత నేసినవాడు. టీవీలో పలికే మాటకూ మన గల్లీ మాటకూ మధ్య దూరం కొలవాలంటే నా చదువుకున్న చెవి చాలదు, ఆయన చెవి కావాలి.

ఒక్క రోజు చూసి చానెల్ మొత్తం మీద తీర్పు చెప్పడం తగదు. కార్యక్రమాల్లో విషయం మంచిదా చెడ్డదా అన్నది కూడా నేను చూడలేదు. ఎవరి నోట్లో ఏ తెలుగు పలికింది, ఆ తెలుగుకు అక్కడ ఏ కుర్చీ వేశారు, ఇదొక్కటే రాసుకున్నాను.

కొంచెం వెనక్కి పోవాలి. బొంబాయిలో దూరదర్శన్ 1972 అక్టోబర్ 2న మొదలైంది, హైదరాబాదులో 1977 అక్టోబర్ 23న. అంటే మన చాళ్లలోకి టీవీ వచ్చేనాటికి అది పూర్తిగా వర్లీ టవర్ టీవీయే. రైతుల కోసం ‘ఆమ్చీ మాతీ ఆమ్చీ మాణసం’ మరాఠీలో, సినిమా పాటలకు ‘ఛాయాగీత్’ హిందీలో, గుజరాతీ వాళ్లకు ‘సంతాకూకడీ’. ఒక ఇంట్లో టీవీ, గుమ్మం బయట ముప్పై మంది. నాకు మరాఠీ సేద్యపు మాటలు తెలిసింది అట్లా. కామాఠిపుర పేరే మన కూలీల పేరు. 1873లో ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ వంటి తెలుగువాళ్లున్నారు. ఈ ఊళ్లో అంత పాతవాళ్లమైనా ఈ ఊరి టీవీలో మన మాట విన్న గుర్తు నాకు లేదు. ఎనభైల్లో ఆదివారం మధ్యాహ్నం దేశమంతటికీ ఒక ప్రాంతీయ భాషా చిత్రం వేసేవాళ్లు. ఎప్పుడో వంతు వచ్చి అది తెలుగు సినిమా అయితే ఆ పూట చాలులో అన్నం తొందరగా వండేవాళ్లు. 1995లో ప్రైవేటు తెలుగు చానెళ్లు వచ్చినంక ఆ కరువు తీరింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు సప్తగిరి పేరు విజయవాడకు పోయి, హైదరాబాదుకు యాదగిరి వచ్చింది. ముంబయి దూరదర్శన్ పేరేమో సహ్యాద్రి. మూడూ కొండల పేర్లే. మనం ఏ కొండ మీదా లేం.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున భక్తి. అక్కడ భాష సంస్కృతం వైపు నడిచే తెలుగు, ఎవరి యాసా కాదు. ఎవరికీ అభ్యంతరమూ లేదు. పుస్తకంలో ఒక్క గీత గీసి వదిలేశాను.

వ్యవసాయ కార్యక్రమం దగ్గర మాత్రం పెన్ను ఆగలేదు. రోజు మొత్తంలో భాష కోసం వినదగ్గవి రెండు మూడు ఉంటే అందులో ఇదొకటి. శాస్త్రవేత్త ‘సస్యరక్షణ చర్యలు’, ‘యాజమాన్య పద్ధతులు’, ‘పిచికారీ’ అంటాడు. పొలం గట్టు మీద నిలబడ్డ రైతు ‘మందు కొట్టుడు’, ‘కలుపు దీసుడు’, ‘గుంటుక తోలుడు’ అంటాడు. ఇద్దరూ ఒకే పని గురించి మాట్లాడుతున్నారు. సంతోషం ఏమిటంటే ఇక్కడ రైతు మాటను ఎవరూ దిద్దలేదు. కెమెరా పొలంలోకి పోతే మైకు ఆయనదే అవుతుంది, స్టూడియో పెత్తనం తగ్గుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని 1962లో సేద్యం మాటలతోనే ఎందుకు మొదలుపెట్టారో ఈ అరగంట చూస్తే తెలుస్తుంది. యాస పలుకుబడిలో ఎంత ఉంటుందో పనిముట్టు పేరులో అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఒక చిత్రం చెప్పాలి. పక్క ఖోలీ నుంచి పాలమూరు పెద్దమనిషి ఒకాయన వచ్చి చూస్తున్నాడు. నీళ్ల మాట రాగానే, “ఇప్పుడు అంత మోటరే, మోట గొట్టుడు ఎవనికి ఎరుక?” అన్నాడు. మోట, తొండెం, బొక్కెన అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. అక్కడే ఆడుకుంటున్న ఆయన మనవడు “మోట అంటే మూటనా తాతా?” అని అడిగాడు. ఊళ్లో మోట పోయి కరెంటు మోటరు వచ్చినప్పుడు దానితో పాటు ఆ మాటలూ జారిపోయినయి. అంతకుముందే ఊరు విడిచి బొంబాయికి కూలికి వచ్చినవాడి నోట్లో అవి అట్లాగే నిలబడ్డయి. ధారావి అంటే బయటివాళ్లకు తమిళుల తోలుపని, కుంభార్‌వాడ కుండలు. పాలమూరు సేద్యపు మాటలకు ఇది ఒక గాదె అని ఎవరికీ తోచదు. యాదగిరి వాళ్లు రైతు కోసం పొలానికి పోతారు, మంచిదే. పొలం విడిచిన రైతు కోసం ఇటు కూడా ఒక కెమెరా రావచ్చు.

తర్వాత డాక్టరుగారితో ఫోన్ కార్యక్రమం. ఇక్కడే నాకు అసలు పేచీ. ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. మొదటి వాక్యం ఆమెదే: “పానం మంచిగుంట లేదు సారూ, కాళ్లు గుంజుతున్నయి.” యాంకరు ఎంతో మర్యాదగా, “అంటే మీకు ఆరోగ్యం బాగుండటం లేదు, కాళ్ల నొప్పులు అంటున్నారు” అని డాక్టరుకు అందించింది. అప్పటి నుంచి ఆ ఫోను గొంతు మారిపోయింది. ‘నొప్పి అండి’, ‘ఉంటుంది అండి’ అని వెతుక్కుంటూ, సగం సగం. వాక్యాలు చిన్నవైనయి, చెప్పాల్సిన సంగతులు తగ్గినయి. మా అక్క వెంటనే పట్టేసింది: “గుంజుడంటే నొప్పి గాదు గద తమ్మీ. నొప్పైతే నొప్పే అంటది గద!”

అక్క మాట వైద్యం లెక్కన కూడా సరైనదే. గుంజుడు, సలుపు, తీపు, మంట, తిమ్మిరి: మనవాళ్లకు ఒక్కొక్కటి ఒక్కో బాధ. డాక్టరు పది ప్రశ్నలు వేసి రాబట్టేదాన్ని రోగి ఒక్క మాటలో పెట్టింది. అనువాదంలో ఆ ఒక్క మాటా పోయింది. ‘పానం’ సంగతి చూడండి. ప్రాణమే పానమైంది, నిజమే. కానీ “పానం మంచిగ లేదు” అంటే ఒంట్లో బాగాలేదనీ, మనసు బాగాలేదనీ, రెండూ కలిపి. ‘ఆరోగ్యం’ అనగానే మనసు బయటికి పోయింది. యాంకరుది తప్పని నేను అనను. ఆమె నేర్చుకున్న మర్యాద అది. అయితే ఆ మర్యాద ఫోన్ చేసినవాళ్లకు చెప్పకుండానే ఒక పాఠం చెప్తుంది: మీ మాట ఇక్కడ పనికిరాదు, మా మాటలో అడగండి. ఫోన్ కార్యక్రమం ఎవరి కోసం పెట్టారో వాళ్లే అందులో భయపడి మాట్లాడుతున్నారు.

మధ్యాహ్నం జానపద గీతాలు, ఆ పైన ఒక హాస్యనాటిక. ఇక్కడ యాసకు పట్టపగ్గాలు లేవు. పాడేవాళ్లు బాగా పాడారు, నాటికలో మేనమామ వేషం వేసినాయన మా బావను మూడుసార్లు నవ్వించాడు. అయినా విమర్శ చెప్పక తప్పదు. టీవీలో వినిపించే ఈ ‘తెలంగాణ యాస’ ఏ ఊరిదీ కాకుండా పోతున్నది. నాలుగు ‘గిట్ల’లు, నాలుగు ‘గట్ల’లు, రెండు ‘మస్తు’లు పోసి కలిపితే యాస అయిపోయిందనే లెక్క. ధారావిలో ఒకే గల్లీలో పాలమూరువాళ్లు, కరీంనగర్‌వాళ్లు ఉంటారు. పాలమూరాయన “పోనీకె లేట్ అయితది” అంటే కరీంనగరాయన “పోయెతందుకు లేటయితది” అంటాడు. రెండు తరాలు ఒకే మోరి దగ్గర నీళ్లు పట్టుకున్నా ఈ తేడా చెరిగిపోలేదు. టీవీ నాటిక దాన్ని అరగంటలో చెరిపేసింది. ప్రైవేటు చానెళ్లలో వీసిక్స్ వాళ్ల తీన్మార్ వార్తలు వచ్చినప్పుడు మనవాళ్లందరం సంబరపడ్డాం. వార్తను తెలంగాణ మాటలో చెప్పడం చిన్న ధైర్యం కాదు. అయినా అందులో కూడా యాస నవ్వు చెయ్యి పట్టుకునే నడిచింది. నా నోటుబుక్కు లెక్క ప్రకారం ఆ రోజు యాసకు దక్కినవి పొలం, పాట, నవ్వు. దక్కనివి జబ్బు, చట్టం, డబ్బు.

ఇక రోజంతటిలో మా బావ లేచి నిలబడ్డ కార్యక్రమం ఒకటి చెప్పాలి. నేత పని మీద ఒక డాక్యుమెంటరీ. మొదట చేతి మగ్గం, తర్వాత సిరిసిల్ల మరమగ్గాలు. వ్యాఖ్యానం చదివే గొంతు ‘మరమగ్గం’ అంటున్నది. తెర మీద మనిషి, మగ్గాల చప్పుడు మధ్య గొంతు పెంచి, “నాకు ఎనిమిది సాంచలున్నయి” అన్నాడు. బావ లేచి, “ఆఁ! సాంచ! గది మా మాట!” అన్నాడు. వ్యాఖ్యానం మాత్రం ‘ఎనిమిది మరమగ్గాలు కలిగిన ఈ కార్మికుడు’ అని సాగిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. పత్రికల్లో కూడా ‘సాంచాలు’ అని రాస్తారు. చేతి మగ్గానికి ఆ పేరు లేదు, అది మగ్గమే. మరి ఈ మాట ఎక్కడిది? మరాఠీలో మిల్లు మగ్గానికి సాచా అని పేరు. దాని మీద పనిచేసేవాడు సాచేవాలా. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు పద్మశాలీలు బొంబాయి మిల్లుల్లో కుదిరినప్పుడు చేతి మగ్గానికి ఉన్న తెలుగు పేరు ఈ ఇనుప యంత్రానికి సరిపోలేదు. యంత్రంతో పాటే దాని పేరూ పట్టుకున్నారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలై రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు రోడ్డున పడ్డారు. బావ లాగా చాలామంది భివండీ పవర్‌లూముల బాట పట్టారు, కొందరు ఊరికి మళ్లారు. ఈ రాకపోకల్లోనే సాంచ అన్న మాట రైలెక్కి సిరిసిల్ల చేరిందని నా లెక్క. అంటే తెర మీద ఆ మనిషి పలికిన ఒక్క ముక్కలో బొంబాయి మిల్లులు, సమ్మె, భివండీ, తిరుగు ప్రయాణం అన్నీ ఉన్నయి. ‘మరమగ్గం’లో అవేవీ లేవు. అది కమిటీ కూర్చుని చేసిన మాట, తప్పులేని మాట, ఎక్కడికీ పోయిరాని మాట.

నేను మరమగ్గం అనొద్దని చెప్పడం లేదు. ఒక్క వాక్యం, ‘ఇక్కడివాళ్లు దీన్ని సాంచ అంటారు’ అని చేర్చితే చాలు. ఆ వాక్యానికి ఐదు సెకన్లు పట్టదు. కృష్ణమూర్తిగారి పదకోశం రెండో సంపుటం 1971లో చేనేత మాటల మీద వచ్చింది. అది చేతి మగ్గం పుస్తకం. ముంబయి, భివండీ, సిరిసిల్ల ఇనుప మగ్గం మాటలకు అట్లాంటి పుస్తకం కావాలంటే ఇప్పుడు ఈ డాక్యుమెంటరీలే దిక్కు. వ్యాఖ్యానం రాసేవాళ్లకు అది తెలియాలి. బావ ఆ రోజు ప్రకటనలు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాడు. ఇంట్లో వాళ్ల నాయిన మగ్గం మీద ‘పడుగు, పేక’ అనేవాడట. మిల్లులో ఈయన ‘తాణా, బాణా’ అన్నాడు. నాయిన ‘నాడె’ అంటే ఈయన ‘ధోటా’. “రెండు ఒక్కటేనా బావా?” అని అడిగాను. “ఒక్కటే గని, నాడె చెయ్యి ఇసిరితే పోతది. ధోటా దానంతట అదే కొట్టుకుంటది. తగిలితే కన్ను పోతది” అన్నాడు. నిఘంటువులో రెండూ ఒకే అర్థం కింద పడతాయి. నేసినవాడికి అవి రెండు వేరు వస్తువులు.

‘గిర్ని’ కూడా ఇట్లాంటిదే. తెలంగాణ ఊళ్లో గిర్ని అంటే పిండి పట్టేది. బొంబాయి తెలుగులో గిర్ని అంటే బట్టల మిల్లు, గిరణీ కామ్‌గార్ లోని గిరణీ. మా చిన్నప్పుడు ఊరికి పోయి “నాయిన గిర్నిల పని చేస్తడు” అంటే, ‘పిండి పడ్తడా?’ అని అడిగేవాళ్లు.

సాయంత్రం పొదుపు, బ్యాంకు పథకాల మీద ఒక కార్యక్రమం. ఇది నా ఇలాకా కనుక చెవులు రిక్కించి విన్నాను. వచ్చిన అధికారికి విషయం బాగా తెలుసు. కానీ ‘పూచీకత్తు’, ‘తనఖా’, ‘వాయిదా’, ‘నామినీ’ అని ఆయన చెప్తున్నంతసేపూ మా అక్క మనసులో జామీన్, గిర్వి, హప్తా, వారస్ అని మార్చుకుంటున్నది. మొదటి మూడింటికి నష్టం లేదు. నాలుగో దాని దగ్గర పెద్ద ప్రమాదం ఉంది. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే మనిషి పోయినప్పుడు డబ్బు తీసుకునే చెయ్యి. ఆ డబ్బు ఎవరికి చెందాలో వారసత్వ చట్టం చెప్తుంది. చాళ్లలో నామినీని ‘వారస్’ అనుకున్నందువల్ల అన్నదమ్ములు కోర్టుకెక్కిన ఇళ్లు నాకు తెలుసు. ‘నామినీ వేరు, వారసు వేరు’ అని వాళ్ల మాట వాడి చెప్తే ఒక్క నిమిషంలో తేలేది. అరగంట కార్యక్రమంలో ‘నామినీ’ మాట చాలాసార్లు వచ్చింది, ‘వారసు’ ఒక్కసారీ రాలేదు. మన భిసీ సంగతి అసలే లేదు. ఊళ్లో చిట్టీ అనేదే ఇక్కడ భిసీ. నాకు తెలిసిన చాళ్లలో పొదుపు సగం దాంట్లోనే ఉంటుంది. హైదరాబాదు స్టూడియోలో కూర్చున్నాయనకు భిసీ తెలియాలని పట్టుబట్టలేం. తెలిసినవాళ్లను ఒక్కరిని పిలవచ్చు.

ఏడింటికి బావ రిమోట్ తీసుకుని సహ్యాద్రి పెట్టాడు. సాత్‌చ్యా బాతమ్యా, ఏడింటి మరాఠీ వార్తలు, ఈ ఇంట్లో ఎన్నో ఏళ్ల నుంచి తప్పనిది. కారణం ఊహించడం కష్టం కాదు. యాదగిరి వరంగల్లు సంగతి చెప్తుంది, ధారావి సంగతి చెప్పదు. ధారావి పునర్నిర్మాణం టెండరు 2022లో అదానీ గ్రూపుకు దక్కింది. ఇంటింటి సర్వేలు నడిచాయి. ఇక్కడ అందరి నోట్లో నానుతున్న రెండు మాటలు ‘పాత్ర’, ‘అపాత్ర’. మరాఠీ సర్కారు భాషలో పాత్ర అంటే అర్హత ఉన్నవాడు. 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నట్టు కాగితం ఉంటే ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు. తర్వాత వచ్చినవాళ్లకు, పైన మాళాలో ఉండేవాళ్లకు లెక్క వేరు. ఇల్లు ధారావి బయట, దానికి డబ్బు కట్టాలి, లేదా కిరాయి పద్ధతి.

మన గల్లీలో ఆడవాళ్లు “మేం పాత్రయినం, మా చిన్నోడు అపాత్ర అయిండు” అంటారు. ఇది తెలుగు వాక్యమే. హైదరాబాదాయన వింటే గిన్నె గురించో నాటకంలో వేషం గురించో అనుకుంటాడు. ‘అర్హుడు’ అని ఇక్కడ చెప్తే మనవాళ్లలో సగం మందికి తెలియదు. చూశారా, ఇక్కడ మాటకు ఎంత బరువుందో! ఒక కుటుంబం ఈ ఊళ్లో ఉంటుందా పోతుందా అన్నది ఆ ‘అ’ అనే ఒక్క అక్షరం మీద ఉంది. ఆ అక్షరాన్ని ఈ గల్లీ తెలుగులో విడమర్చి చెప్పే కార్యక్రమం మూడు కొండల చానెళ్లలో దేంట్లోనూ ఆ రోజు నాకు దొరకలేదు. సహ్యాద్రి మరాఠీలో చెప్పింది. బావకు అర్థమైంది, అక్కకు ముక్కాలు అర్థమైంది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కోడలు మొహం చూస్తూ కూర్చుంది.

మునిసిపాలిటీ తెలుగు బడులు నిండుగా నడిచిన రోజుల్లో పంతులు ఈ పని చేసేవాడు. సర్కారు కాగితం చదివి, మరాఠీ మాటకు మన మాట చెప్పి, ఏలిముద్ర ఎక్కడ వేయాలో చూపించేవాడు. ఆ బడుల్లో పిల్లలు తగ్గుతూ వచ్చారు. పంతులు పోయిన చోట టీవీ నిలబడుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు, నిజమే. కానీ ప్రకటనల రాబడి కోసం ముక్కు చీదకుండా ఇట్లాంటి పని చేయగలిగేది సర్కారు టీవీ ఒక్కటే. ఏ ప్రైవేటు చానెల్ చేస్తుంది చెప్పండి?

రాత్రి తెలుగు వార్తలు. ఇక్కడ నా అభిప్రాయం చాలామంది మిత్రులకు నచ్చకపోవచ్చు. వార్తలు యాసలో చదవాలని నేను అడగను. శాంతిస్వరూప్‌గారు 1983 నవంబర్ 14న హైదరాబాదు దూరదర్శన్‌లో మొదటి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని కాలం, బులెటిన్ అంతా కంఠతా పట్టి కెమెరా వైపు చూసి చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు శ్రీకాకుళం నుంచి పాలమూరు దాకా అందరూ తమ మనిషి పోయినట్టే మాట్లాడుకున్నారు. ఆ భాష ఎవరి ఇంటి భాషా కాదు, అయినా ఎవరినీ చిన్నచేయలేదు. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఆయన చదువుతుంటే మాలాంటి బొంబాయి పిల్లలకు తెలుగు ఇంత నిదానంగా, ఇంత శుభ్రంగా ఉంటుందా అనిపించేది. వార్త చదివేవాడు అందరికీ వినపడే ఒక తెలుగు మాట్లాడాలి. నేను ఇప్పుడు రాస్తున్నదీ ఆ బాపతు తెలుగే, ఇంట్లో నేను ఇట్లా మాట్లాడను. నా పేచీ వార్తలతో కాదు. ఎదుటివాడు తన బాధ, తన పని, తన డబ్బు చెప్పుకునే చోట కూడా వార్తల తెలుగును కొలబద్దగా పెట్టడంతోనే.

కనుక నా నోటుబుక్కులో యాదగిరికి మార్కులు ఇట్లా పడ్డయి. పొలం కార్యక్రమానికి నిండా, పాటకు నిండా, నాటికకు సగం, డాక్టరు ఫోనుకు సగానికి తక్కువ. డాక్యుమెంటరీకి బొమ్మ కోసం నిండా, వ్యాఖ్యానానికి పావు. ముంబయి తెలుగుకు రోజు మొత్తం మీద దక్కింది ఐదు సెకన్లు, ఆ సిరిసిల్ల మనిషి నోట్లోని ‘సాంచ’. అది కూడా మనదని తెలియకుండానే దక్కింది.

ఆ రాత్రి టీవీ కట్టేసినంక బావ దగ్గర రాసుకున్న మాటల్లో ఒకటి ఇంకా తేలలేదు, ఇక్కడ పెడుతున్నాను. మిల్లులో షిఫ్టును ‘పాళి’ అనేవాళ్లు: పహిలీ పాళి, దుస్రీ పాళి, రాత్రి పాళి. ఇది మరాఠీ మాట, సందేహం లేదు. అయితే ఊళ్లో మన ముసలివాళ్లు ‘ఈపాలి పంట మంచిగొచ్చింది’ అనే ‘పాలి’ కూడా ఉంది, ఈసారి అనే అర్థంలో. బావ “రాత్రిపాలి” అని తేలిక ‘ల’తోనే అంటాడు. కామాఠిపురలో పెరిగిన నాకు ‘ళ’ వినిపిస్తుంది. పరేల్, వర్లీ, ప్రభాదేవి చాళ్లలో మిల్లు పని చేసినవాళ్లు ఇంట్లో ఉంటే, ముందే ఏమీ చెప్పకుండా రాత్రి డ్యూటీని ఏమనేవాళ్లో అడిగి, వాళ్లు పలికింది పలికినట్టు ఫోన్లో రికార్డు చేసి పంపండి. ఏ జిల్లా నుంచి వచ్చారో, ఏ ఖాతాలో పనిచేశారో కూడా రాయండి.